ఆల్‌ఫ్రెడ్ నోబెల్ జీవితమూ మన రాతిగనులూ

జగ్గయ్యపేట నుండి నందిగామ మీదుగా విజయవాడకు పోయే రాజమార్గంలో ప్రయాణించేవారికి రెండు జాతుల రాయి తారసపడుతుంది. పడమట జయంతిపురం, ముక్త్యాల పరిసరాలలో పొరలు పొరలుగా పరచుకొని ఉన్న సున్నపురాయి ఒకటి. తూర్పున కంచికచర్ల దాటిన తరువాత పరిటాల, దొనబండ ప్రాంతాలలో కొండలను తొలిచి తీసే గట్టి రాయి మరొకటి. మొదటిది సిమెంటు బట్టీలకు పోతుంది. రెండవది కంకరగా మారి రోడ్లకూ ఇండ్ల కప్పులకూ పోతుంది. మా చిన్నతనంలో ఈ దారిన బస్సులో వెళ్తున్నప్పుడు ఒక్కొక్కసారి ఎర్రజెండా పట్టుకొన్న మనిషి ఎదురై బస్సును ఆపించేవాడు. ఈల మోగేది. కొంతసేపటికి నేల అదిరేది. పిమ్మట కొండ వైపు నుండి తెల్లని ధూళి లేచేది. ప్రయాణికులు విసుగుకొనేవారే గాని ఆ నిరీక్షణ వెనుక ఎంత చరిత్ర ఉన్నదో ఎవరికీ పట్టేది కాదు. ఆ చరిత్రలో అధికభాగం ఒక్క మనిషి జీవితంలో ఇమిడి ఉన్నది. ఆయన ఆల్‌ఫ్రెడ్ నోబెల్.

నోబెల్ పేరు వినని విద్యార్థి ఉండడు. 1913లో రవీంద్రనాథ ఠాకూరుకు సాహిత్యంలోనూ, 1930లో సి.వి. రామన్‌కూ 1979లో అబ్దుస్ సలాంకూ భౌతికశాస్త్రంలోనూ లభించిన బహుమతి ద్వారానే ఆ పేరు మనకు పరిచితం. ఆ బహుమతిని నెలకొల్పిన మనిషి తన వయసులో మంచి భాగమంతా దేనితో పెనుగులాడాడో తెలిసినవారు మాత్రం అరుదు. రాయి పగలాలి, పగులగొట్టే మనిషి ప్రాణాలతో ఇల్లు చేరాలి. ఈ రెండింటినీ పొసగించడమే ఆయన చేపట్టిన పని. మన కళాశాలలో చదువుకొనే పిల్లలలో క్వారీ కూలీల బిడ్డలూ, క్రషర్ల వద్ద పనిచేసేవారి తమ్ముళ్ళూ ఉన్నారు. వారికి ఈ జీవితకథ మరింత దగ్గరగా ఉంటుందని తలచి దీనిని వ్రాస్తున్నాను.

మందుగుండు లేని కాలంలో సైతం మన ప్రాంతంలో రాతిపని సాగింది. జగ్గయ్యపేట సమీపాన ధనంబోడు అనే దిబ్బలో 1882లో బర్జెస్ దొర త్రవ్వించిన బౌద్ధస్తూపపు పలకలు ఈ జాతి సున్నపురాతివే. రెండువేల ఏండ్లనాటి శిల్పులు వాటిని ఉలితో చెక్కారు. బండను చీల్చడానికి లోకమంతటా పూర్వులు ఎరిగిన ఉపాయాలు రెండు మూడే. వరుసగా గుంటలు తొలిచి, వాటిలో ఎండుకట్టె చీలలు బిగించి నీరు పోస్తే కట్టె ఉబ్బి బండ చీలుతుంది. బండను మంటతో కాల్చి చన్నీళ్ళు చల్లడం మరొక ఉపాయం. ఇనుప చీలలను సమ్మెటతో దిగగొట్టడం ఇంకొకటి. మన వడ్డెరలు తరతరాలుగా చేసిన పని ఇదే. ఉర్దూ కావ్యాలలో షీరీన్ కొరకు కొండను తొలిచిన ఫర్హాద్‌కు కోహ్‌కన్ అని బిరుదు. అతని చేతిలో ఉన్న పనిముట్టు తేషా ఒక్కటే. ప్రేమకథలో అది చెల్లింది. ఆనకట్టలకు, రైలు సొరంగాలకు అది చాలలేదు.

ఐరోపాలో 1627లో, అప్పటి హంగరీ రాజ్యంలోని షెమ్నిట్స్ గనిలో, తుపాకిమందును రాతిలో కూరి పేల్చినట్లు దాఖలా ఉన్నది. ఉర్దూలో బారూద్ అని పిలిచే ఆ నల్లమందే తరువాత రెండువందల ఏండ్లకు పైగా గనులలో రాజ్యం చేసింది. దానికి నిప్పు అందించే మార్గం మాత్రం దైవాధీనంగా ఉండేది. గడ్డిపోచలలో, ఈక కాడలలో మందు నింపి అంటించేవారు. అది ఒకప్పుడు వెంటనే అంటుకొనేది, ఒకప్పుడు ఆరినట్లుండి మనిషి దగ్గరకు వెళ్ళగానే పేలేది. 1831లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమలో బిక్‌ఫర్డ్ అనే తోలువ్యాపారి తాడు పేనడం చూచి, నూలు పేటల మధ్య మందు నింపిన వత్తిని తయారుచేశాడు. అది ఒకే వేగంతో కాలుతుంది. ఎంత పొడవు కోస్తే ఎంత వ్యవధి దొరుకుతుందో ముందే లెక్క కట్టవచ్చు. గని కార్మికుడికి తన ప్రాణం గూర్చి లెక్క చూచుకొనే వీలు కలిగింది అప్పుడే. అది జరిగిన రెండేండ్లకు నోబెల్ జన్మించాడు.

ఆయన 1833 అక్టోబరు 21న స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో పుట్టాడు. తండ్రి ఇమాన్యుయెల్ కట్టడాల పనిలో దిట్ట, యంత్రాల కల్పనలో ఆసక్తి గలవాడు, వ్యాపారంలో దురదృష్టవంతుడు. కుమారుడు పుట్టిన ఏడాదే ఆయన దివాలా తీశాడు. 1837లో భార్యాబిడ్డలను విడిచి ఫిన్‌లాండుకూ, అక్కడి నుండి రష్యాకూ వెళ్ళాడు. తల్లి ఆండ్రియెట్ పిల్లలను పోషించుకొంటూ స్వదేశంలోనే నిలిచింది. సెయింట్ పీటర్స్‌బర్గులో తండ్రికి కొంత నిలకడ చిక్కిన తరువాత 1842లో కుటుంబం అక్కడికి చేరింది. ఆల్‌ఫ్రెడ్ బాల్యం నుండి రోగిష్ఠి. బడికి పోయింది తక్కువ, ఇంటివద్ద ఉపాధ్యాయుల వద్ద నేర్చింది ఎక్కువ. పదునేడేండ్ల ప్రాయం నాటికి స్వీడిష్, రష్యన్, ఫ్రెంచి, ఇంగ్లీషు, జర్మన్ భాషలు ఐదూ ఆయనకు స్వాధీనమైనాయి. ఆంగ్లంలో కవిత్వం కూడ వ్రాసేవాడు. కుమారుడు కవి అవుతాడేమోనని తండ్రికి బెంగ కలిగి దేశాటనకు పంపాడని చెప్తారు. నేటి తండ్రులకూ ఈ బెంగ తెలియనిది కాదు!

ఆ పర్యటనలో ఆయన పారిస్‌లో పెలూజ్ అనే ప్రసిద్ధ రసాయనశాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో కొంతకాలం పనిచేశాడు. పెలూజ్ శిష్యుడైన ఇటలీ దేశస్థుడు సోబ్రెరో 1847లోనే నైట్రోగ్లిసరిన్ అనే ద్రవాన్ని కనుగొని ఉన్నాడు. గంధకామ్లం, నత్రికామ్లం కలిపిన మిశ్రమంలో గ్లిసరిన్‌ను చల్లగా బొట్లుబొట్లుగా విడిస్తే నూనె వంటి ఈ ద్రవం లభిస్తుంది. దాని బలం ముందు తుపాకిమందు దేనికీ చాలదు. అయితే అది ఎప్పుడు పేలుతుందో, ఎందుకు పేలుతుందో చెప్పడం కష్టం. సోబ్రెరో ముఖాన దాని గాయపు మచ్చలు మిగిలాయి. దానిని వాడుకలోకి తేవడం పాపమనే అభిప్రాయంతో ఆయన దూరంగా ఉండిపోయాడు.

క్రిమియా యుద్ధకాలంలో తండ్రి కర్మాగారం రష్యా నౌకాదళానికి సముద్రపు మందుపాతరలు చేసి ఇచ్చింది. యుద్ధం ముగియగానే పని పోయింది, 1859లో మరల దివాలా. ఆ రోజులలోనే ఆల్‌ఫ్రెడ్ గురువు జీనిన్ నైట్రోగ్లిసరిన్ బొట్టును దాగలిపై వేసి సుత్తితో కొట్టి చూపాడట. సుత్తి తగిలినంత మేరకే అది పేలింది, మిగిలినది ఊరకే చెదిరిపోయింది. చూడడానికి ఇది చిన్న సంగతి. నోబెల్ జీవితాన్ని మలచిన ప్రశ్న ఇందులోనే ఉన్నది. దెబ్బ తగిలిన చోటనే పేలితే రాతిలో పోసిన ద్రవమంతటినీ ఒక్కసారిగా పేల్చడం ఎట్లు? నిప్పు పెడితే అది పేలకుండా కాలిపోవచ్చు. కుదిపితే వద్దన్నా పేలవచ్చు. మనం కోరినప్పుడు పేలనిదీ, కోరనప్పుడు పేలేదీ అయిన వస్తువును కూలివాని చేతికి ఇవ్వడం ఎట్లు?

ఆయన కనుగొన్న సమాధానం నేటికీ మారలేదు. పెద్ద మందును తానుగా పేలనివ్వరాదు. దాని నడుమ ఒక చిన్న మందును ఉంచి, ఆ చిన్న పేలుడు విసరుతో పెద్దదానిని లేపాలి. మొదట చిన్న గొట్టంలో తుపాకిమందు ఉంచి ప్రయత్నించాడు. 1863లో స్వదేశానికి తిరిగివచ్చి పేటెంటు పొందాడు. తరువాత రెండు మూడేండ్లలో రాగి గొట్టంలో పాదరసపు ఫుల్మినేట్ నింపిన డిటోనేటరును సిద్ధపరచాడు. లోకం డైనమైటును ఆయన ప్రధాన ఆవిష్కరణగా లెక్కిస్తున్నది. నా మట్టుకు డిటోనేటరే గొప్పదని తోస్తుంది. మందు వేరు, దానిని లేపేది వేరు. ఈ రెండింటినీ విడిగా దాచి, విడిగా మోసుకొచ్చి, ఆఖరి గడియలో మాత్రమే కలపాలి. క్వారీలో నేటి భద్రత అంతా ఈ ఎడబాటు మీదనే నిలిచి ఉన్నది.

ఆ ఎడబాటు విలువ ఆయనకు త్వరలోనే తెలిసింది. 1864 సెప్టెంబరు 3న స్టాక్‌హోమ్‌లోని హెలెనెబోర్గ్‌లో తండ్రీకొడుకులు నడుపుతున్న చిన్న కార్ఖానా పేలిపోయింది. ఆల్‌ఫ్రెడ్ తమ్ముడు ఎమిల్, ఇంకా ఇరవై ఒకటి నిండనివాడు, చదువు సెలవులలో పనికి వచ్చి అక్కడే మరణించాడు. అతనితోపాటు మరికొందరు పోయారు. కొద్ది మాసాలకే తండ్రి పక్షవాతంతో మంచం పట్టాడు. మరల లేవలేదు. 1872లో సరిగ్గా ఆ సెప్టెంబరు 3వ తేదీనే ఆయన కన్నుమూశాడు. నగరపాలకులు ఊరిలో ఈ పని కూడదని నిషేధించారు. మరొకరైతే అంతటితో విరమించేవారు. నోబెల్ మేలారెన్ సరస్సులో లంగరు వేసిన పడవపైకి తన పరికరాలను మార్చి పని కొనసాగించాడు. అది పట్టుదలయా, మొండితనమా? తమ్ముని చావుకు తానే కారణమన్న బాధను పనితో కప్పుకోవడమా? చదివినకొద్దీ నాకు మూడూ ఉన్నాయనిపిస్తుంది. ఆ కాలంలోనే స్టాక్‌హోమ్ కింద రైలు సొరంగం త్రవ్వేవారు ఈ ద్రవాన్ని వాడి, పని వేగం చూచి ఆశ్చర్యపడ్డారు. గిరాకీ పెరిగింది. 1865లో జర్మనీలో హాంబర్గు సమీపాన క్రుమ్మెల్ అనే చోట మరొక కర్మాగారం లేచింది.

ద్రవరూపంలో అది దేశదేశాలకు ప్రయాణం చేసింది. తగరపు డబ్బాలలో, కొయ్యపెట్టెలలో, అది ఏమిటో తెలియని హమాలీల భుజాలపై ప్రయాణం చేసింది. 1866 ఏప్రిల్ మాసంలో పనామా తీరాన ఒక ఓడ, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక రవాణా కార్యాలయం పేలిపోయాయి. ఎందరో మరణించారు. అదే ఏడు క్రుమ్మెల్ కర్మాగారం కూడ ధ్వంసమైంది. పలు దేశాలు ఈ ద్రవాన్ని నిషేధించసాగాయి. తాను కనుగొన్న డిటోనేటరు పెద్ద మందును లేపడం నేర్పింది గాని, లేపేవరకు దానిని నిద్రపుచ్చడం ఇంకా మిగిలి ఉన్నదని నోబెల్‌కు అర్థమైంది.

అప్పుడు ఆయన ఎల్బే నదిలో తెప్పపై కూర్చొని బొగ్గుపొడి, ఇటుకపొడి, రంపపుపొట్టు వంటి వాటిలో ద్రవాన్ని ఇంకించి చూశాడు. చివరకు ఆ ప్రాంతంలోనే దొరికే కీజల్‌గుర్ అనే తేలికపాటి మట్టి కుదిరింది. అది పూర్వం నీటిలో బ్రతికిన సూక్ష్మజీవుల పెంకులతో ఏర్పడిన మట్టి. తన బరువుకు మూడు రెట్ల ద్రవాన్ని పీల్చుకొంటుంది. మూడు పాళ్ళు నైట్రోగ్లిసరిన్, ఒక పాలు మట్టి కలిపి పిసికితే ముద్ద అవుతుంది. దానిని కడ్డీలుగా చుట్టి కాగితంలో పొదగవచ్చు. గ్రీకు భాషలో శక్తి అనే అర్థమిచ్చే పదాన్నిబట్టి దానికి డైనమైటు అని పేరుపెట్టి 1867లో పేటెంటు పొందాడు. దానిని ఆరుబయట నిప్పులో వేస్తే సాధారణంగా కాలుతుంది, క్రిందపడితే పడి ఉంటుంది, డిటోనేటరు తగిలితే తప్ప లేవదు.

నమ్మేవారు లేరు. అందుచేత ఆయన ఆ సంవత్సరం జూలై 14న ఇంగ్లండులో సర్రే జిల్లా మెర్‌స్తామ్‌లోని రాతిక్వారీలో గని యజమానులను, ఇంజనీర్లను సమావేశపరచి ప్రదర్శన ఇచ్చాడు. ఒక డైనమైటు పెట్టెను మంటలో వేయించాడు. మరొకదానిని క్వారీ అంచు నుండి క్రిందికి పడవేయించాడు. రెండూ పేలలేదు. ఆ తరువాత డిటోనేటరుతో పేల్చి చూపాడు. మెర్‌స్తామ్ కూడ మన జయంతిపురం వలెనే సున్నపురాతి నేల. డైనమైటు తన సాధుత్వాన్ని లోకానికి రుజువుచేసుకొన్నది ఒక సున్నపురాతి క్వారీలోనే అన్నది మన ప్రాంతం వారికి గుర్తుండదగిన విషయం.

డైనమైటులో లోపాలు లేకపోలేదు. మట్టి పేలదు గనుక బలం కొంత తగ్గుతుంది. నీరు తగిలితే ద్రవం వేరుపడుతుంది. 13 డిగ్రీల చలికే నైట్రోగ్లిసరిన్ గడ్డకడుతుంది. చలిదేశాలలో దానిని పొయ్యి దగ్గర కాచుకొంటూ మరణించిన కార్మికులు చాలమంది. 1875లో నోబెల్ వ్రేలికి గాయమై, కొల్లోడియన్ అనే జిగురుమందు పూసుకొని, నిద్రపట్టక ఆ జిగురునే నైట్రోగ్లిసరిన్‌లో కరగించాడట. పారదర్శకమైన జిగట పదార్థం వచ్చింది. నీటికి చెదరదు, బలంలో డైనమైటును మించుతుంది. అదే బ్లాస్టింగ్ జిలెటిన్. మన క్వారీలలో జిలెటిన్ కడ్డీలు అనే మాట ఆనాటి ఆ జిగురు నుండే వచ్చింది.

ఇక్కడ కథను కొంతసేపు ఆపి, ఈ మందు చేసే పనిని మన క్వారీలో చూడాలి. కొండ అంచున వరుసగా రంధ్రాలు తొలిచి, మందు నింపి, పైన మట్టి దట్టించి పేల్చితే రాతి గోడ విరిగి క్రింద కుప్పపడుతుంది. కుప్పలో ఎక్కువ భాగం లారీకి ఎత్తదగిన పరిమాణంలో ఉంటుంది. కొన్ని బండలు మాత్రం క్రషరు నోటిలో పట్టవు, యంత్రపు తొట్టిలో ఇమడవు. వీటిని బోల్డర్లంటారు. సున్నపురాయి పొరల మధ్య చీలికలూ మట్టి నింపిన సందులూ ఉంటాయి. పేలుడు వాయువు ఆ సందులగుండా తప్పించుకొంటే రాయి చితకదు, ఉన్నది ఉన్నట్లు ఊడి పడుతుంది. రంధ్రాల నడుమ ఎడం ఎక్కువైనా, పైన దట్టించిన మట్టి భాగంలో మందు చేరకపోయినా ఇదే ఫలితం. ఎక్కువ బోల్డర్లు పడ్డాయంటే మొదటి పేలుడులోనే లెక్క తప్పిందని అనుభవజ్ఞులు ఇట్టే గ్రహిస్తారు. పొదుపు చేశామనుకొన్న మందు మరునాటి పనిలో ఖర్చవుతుంది.

ఈ బోల్డరును రెండవసారి పగులగొట్టడం చూడడానికి సులువు, నిజానికి మొదటిదానికంటె ప్రమాదకరం. కొండగోడకు ఒకవైపే ఖాళీ. పేలితే రాయి ఏ వైపు దొర్లుతుందో ఊహించవచ్చు. విడిగా పడి ఉన్న బండకు అన్ని వైపులా ఖాళీయే. రంధ్రం పొట్టిది, దట్టించే మట్టి తక్కువ. మందు కాస్త ఎక్కువైతే ముక్కలు ఏ దిక్కుకైనా, ఎంత దూరమైనా ఎగురుతాయి. కనుక పద్ధతిగా చేసేవారు బండ మధ్యకు కొంచెం మించి రంధ్రం తొలిచి, ఘనపు మీటరు బండకు సుమారు వంద గ్రాముల లోపు మందు మాత్రమే ఉంచి, మట్టి బాగా దట్టిస్తారు. దట్టించడానికి కొయ్య కర్రనే వాడతారు. ఇనుప గడ్డపార ముట్టించరాదు. తొలిచే ఓపిక లేనివారు మందును బండపైనే ఉంచి బంకమన్ను మెత్తి పేలుస్తారు. దానికి అనేక రెట్ల మందు కావాలి, గాలి విసరు ఊరి కిటికీల వరకు వస్తుంది. ఇంటికి దగ్గరైన క్వారీలో ఇది ఎన్నటికీ తగదు.

ఇంతకంటె కనబడని ప్రమాదం మరొకటి. బండలో మొదటి పేలుడు నాటి రంధ్రపు శేషం ఉండవచ్చు. ఆ శేషంలో పేలని మందు ఉండవచ్చు. తెలియక అదే గుంటలో డ్రిల్లు దించితే తొలిచేవాడే ముందు బలి అవుతాడు. నోబెల్ ఎంతో శ్రమించి విడదీసిన రెండింటినీ ఆ డ్రిల్లు దెబ్బ మరల కలుపుతుంది. అందుకే మన దేశపు 1961 నాటి లోహ గనుల నిబంధనలు పాత గుంటలో తొలవడాన్ని నిషేధించాయి. పేలని రంధ్రానికి కనీసం 30 సెంటీమీటర్ల ఎడంగా మరొక రంధ్రం తొలిచి పేల్చాలని చెప్పాయి. పేల్చే చోటు చుట్టూ 300 మీటర్ల మేర మనుషులు లేకుండా చూడాలన్నాయి. పేలుళ్ళను చెవితో లెక్కించాలి. ఎనిమిది నింపి ఏడే వినబడితే, వత్తితో పేల్చినప్పుడు అరగంట గడిచేవరకు ఎవరూ దగ్గరకు పోరాదు. మా బస్సును ఆపిన ఎర్రజెండా మనిషి ఈ నిబంధనల మనిషే.

మరల నోబెల్ వద్దకు వద్దాం. 1873 నుండి ఆయన పారిస్‌లో కాపురమున్నాడు. కాపురమనడం కూడ సరి కాదు. వివాహం చేసుకోలేదు, ఇంట నిలిచిన రోజులు తక్కువ. స్కాట్లండులోని ఆర్డీర్ మొదలు అనేక దేశాలలో ఆయన పేర కర్మాగారాలు వెలిశాయి. జీవితాంతానికి పేటెంట్లు 355 అయినాయి. నైట్రోగ్లిసరిన్ ఆవిరి సోకితే తల పగిలేటంత నొప్పి వస్తుంది. ఆ నొప్పి ఆయనను జీవితమంతా వేధించింది. 1876లో కొద్దికాలం ఆయన వద్ద కార్యదర్శిగా ఉండి వెళ్ళిన బెర్తా కిన్‌స్కీ, తరువాత బెర్తా ఫాన్ సుట్నర్ పేరుతో శాంతి ఉద్యమానికి నాయకురాలైంది. ఉత్తరప్రత్యుత్తరాలలో వారి స్నేహం చివరి వరకు నిలిచింది.

ఆయనను కేవలం కార్మిక రక్షకుడని కీర్తించడం న్యాయం కాదు. 1887లో ఆయన కనిపెట్టిన బాలిస్టైట్ అనే పొగలేని మందు ఫిరంగులకే ఉద్దేశించినది. దానిని ఇటలీకి అమ్మినందుకు ఫ్రాన్సులో దుమారం లేచి, ఆయన పారిస్ విడిచి ఇటలీలోని శాన్‌రేమోకు తరలవలసి వచ్చింది. 1894లో ఆయన కొన్న స్వీడన్ ఆయుధ కర్మాగారం బోఫోర్స్. 1980వ దశకంలో మన దేశ రాజకీయాలలో మారుమ్రోగిన పేరు అదే. రాతికై చేసిన మందు మనిషిపైకి తిరగడం ఆయనకు తెలియకుండా జరిగినది కాదు. 1888లో అన్న లుడ్విగ్ మరణిస్తే, ఒక ఫ్రెంచి పత్రిక ఆల్‌ఫ్రెడే చనిపోయాడని పొరబడి నిందాపూర్వకంగా వ్రాసిందనీ, అది చదివి ఆయన మనసు మారిందనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఒక్క వార్తతో మారిన మనసుగా నాకు తోచదు. ఎమిల్ పోయిన నాటి నుండీ ఆ లెక్క ఆయన లోపల జరుగుతూనే ఉండి ఉంటుంది.

1895 నవంబరు 27న ఆయన పారిస్‌లో తన వీలునామాపై సంతకం చేశాడు. ఆస్తిలో అధికభాగాన్ని నిధిగా ఏర్పరచి, దాని వడ్డీతో భౌతిక, రసాయన, వైద్యశాస్త్రాలలోనూ, సాహిత్యంలోనూ, శాంతిస్థాపనలోనూ కృషి చేసినవారికి ఏటేటా బహుమతులివ్వాలని వ్రాశాడు. అప్పటికి గుండెజబ్బు ముదిరింది. వైద్యులు ఆయనకు సూచించిన ఔషధం నైట్రోగ్లిసరినే! రక్తనాళాలను సడలించే గుణం దానికి ఉన్నది. తాను జీవితమంతా పిసికిన వస్తువు తనకే మందుగా రావడంలోని వింతను ఆయన స్వయంగా మిత్రునికి వ్రాసుకొన్నాడు. 1896 డిసెంబరు 10న శాన్‌రేమోలో, దగ్గర బంధువులెవరూ లేకుండా, నౌకర్ల మధ్య ఆయన కన్నుమూశాడు. వీలునామాపై బంధువుల ఆక్షేపణలు తీరి 1901లో మొదటి బహుమతులు ఇచ్చారు. 1905లో శాంతి బహుమతి బెర్తా ఫాన్ సుట్నర్‌కు లభించింది.

ఆయన వర్ధంతి అయిన డిసెంబరు 10నే, 1955లో, మన నాగార్జునసాగరానికి నెహ్రూ శంకుస్థాపన చేశారు. యాదృచ్ఛికమే. అయితే కొండలను పగులగొట్టి తెచ్చిన రాతితో కట్టిన ఆ ఆనకట్టకూ, రాతినేలను తొలిచి తెచ్చిన ఎడమ కాలువకూ నోబెల్ విద్య అవసరమైంది. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పొలాలకు కృష్ణా జలాలు అందింది ఆ కాలువ ద్వారానే. ఆయన బ్రిటిష్ సంస్థ వారసులు 1958లో నాటి బీహారులోని గోమియాలో మందుల కర్మాగారం తెరిచారు. 1960వ దశకంలో హైదరాబాదు చెంత కూకట్‌పల్లిలో ఇండియన్ డిటోనేటర్స్ కర్మాగారం వెలసింది.

నైట్రోగ్లిసరిన్‌కు మన ఎండలు కూడ పడవు. పాతబడిన కడ్డీలు వేడికి చెమర్చినట్లు ద్రవాన్ని వెలికి విడుస్తాయి. ఆ చెమట పట్టిన పెట్టెను కదపడమే ప్రాణాంతకం. అంతకంటె సాధువైన అమ్మోనియం నైట్రేటు మందులు వచ్చిన తరువాత, 2004 ఏప్రిల్ 1 నుండి భారత ప్రభుత్వం నైట్రోగ్లిసరిన్‌తో చేసిన పేలుడు మందులను నిషేధించింది. ఆ విధంగా డైనమైటు మన గనుల నుండి నిష్క్రమించింది. నేడు క్వారీలలో జిలెటిన్ అని పిలిచే కడ్డీలలో సాధారణంగా నోబెల్ జిగురు లేదు, పేరు మాత్రం మిగిలింది. డిటోనేటరు అనే ఆలోచన ఉన్నది ఉన్నట్లే ఉన్నది.

బోల్డర్ల సంగతి కూడ చాలావరకు మారింది. 1960వ దశకంలో జర్మనీలో వాడుకలోకి వచ్చిన హైడ్రాలిక్ బ్రేకరును ఎక్స్‌కవేటరు చేతికి తగిలించి, బండను ఉక్కుమొనతో పొడిచి చీలుస్తున్నారు. మందు లేదు, వత్తి లేదు, ఊరిని ఖాళీ చేయించే పని లేదు. రాతి పెళ్ళలు ఎగరకపోవు గనుక ఆపరేటరు గది అద్దానికి ఇనుప జాలీ ఉండాలి, చుట్టుప్రక్కల మనిషి నిలబడరాదు, కుప్పపై ఒరిగి ఉన్న బండను ముందు నేలకు దించుకోవాలి. క్రేనుతో బరువైన ఇనుప గుండును ఎత్తి బండపై వదలడం మరొక పద్ధతి. గుంటలలో పోస్తే రాత్రికి రాత్రి ఉబ్బి బండను చప్పుడు లేకుండా చీల్చే సున్నపు మిశ్రమాలు కూడ వచ్చాయి. కట్టె చీల చేసిన పనినే ఇది చేస్తున్నది. మందు మరీ చవకగా దొరికినచోట, యంత్రం కొనలేని చిన్న క్వారీలలో మాత్రం బండకు రంధ్రం వేసి పేల్చడం ఇంకా ఉన్నది. అక్కడ పేలుడు ముగిసి ధూళి అణగిన తరువాత, లెక్క సరిపోయిన తరువాత, లైసెన్సు గల బ్లాస్టరు ఒక్కడే ముందుగా కుప్ప దగ్గరకు నడచి వెళ్తాడు. అతడు చేయి ఊపేవరకు తక్కినవారు కదలరు.